చివరగా ఏమన్నాడు?

మార్చి 9

మాట్లాడొద్దన్నాడు డాక్టరు. గొంతు లోపల బాగా వాచిందట. ఏడ్చి ఏడ్చి వాచిందనుకుని, "పోయినవాళ్ళు ఎలాగూ తిరిగిరారు, గొంతయినా కాపాడుకోండమ్మా" అన్నాడు. నిజానికి ఈ వాపు మా ఆయన పోకముందుదే. ఆ వారం ఒకే సినిమాలో ముగ్గురు తల్లులకీ ఇద్దరు పెళ్ళాలకీ ఒక చెల్లెలికీ నేనే ఏడ్చాను. డబ్బింగు చెప్పేవాళ్ళలో ఏడుపులకి నన్నే పిలుస్తారు. ఆయన పోయాక మాత్రం ఒక్క చుక్క రాలేదు.

మాట్లాడకూడదు కాబట్టి రాస్తున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు.

గురువారం సాయంత్రం ఆయన లిఫ్టు రిపేరు పని ముగించుకుని, నన్ను స్టూడియో దగ్గర బండెక్కించుకుని వస్తూ, టైర్ల షాపు ముందు ఆపాడు. ఎదురుగా మందుల షాపు. నా గొంతుకే, బిళ్ళలు కొనాలని. "తాళం వేసి పక్కన నుంచో" అని రోడ్డు దాటాడు. లోపలినుంచి టైర్ల షాపువాడు వచ్చి బండి తియ్యమన్నాడు, లారీ వస్తుందట. ఒక్క నిమిషం అన్నాను. వాడు బండిని తన్నాడు. ఆయన అటునుంచి చూసి, పరుగున వచ్చి వాడి కాలరు పట్టుకున్నాడు. ఇద్దరూ నాలుగు మాటలనుకున్నారు. ఐదో మాటకి వాడి చేతిలో టైర్లు విప్పే ఇనపకడ్డీ లేచింది.

మా స్టూడియోలో ఒక్క దెబ్బకి మూడు చప్పుళ్ళు కలుపుతారు. తోలు సంచి మీద బాదింది ఒకటి, పచ్చి ముల్లంగి విరిచింది ఒకటి, అడుగున డ్రమ్ము ఒకటి. నిజం దెబ్బకి గచ్చు మీద తడిబట్ట పడేసిన చప్పుడొచ్చింది. అలాంటివి మూడు.

ఆయన పడలేదు. కూర్చున్నాడు, అంతే. చెవి వెనకనుంచి రక్తం చొక్కాలోకి దిగుతోంది. ఏదో మర్చిపోయినవాడిలా నా వైపు చూసి, "బండికి తాళం వేశావా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. అరుద్దామని నోరు తెరిస్తే దగ్గులాంటిదేదో వచ్చింది. పక్క షాపుల్లో వాళ్ళు ఎవరో దగ్గుతున్నారనుకుని తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడ్డారు. ఆలోగా ఆయన పక్కకి ఒరిగాడు.

వేశానా?

మార్చి 10

వచ్చినవాళ్ళందరూ అడిగేది ఒక్కటే. చివరగా ఏమన్నాడు?

పై వాటా ఆవిడ అడిగింది. ఆయన పని చేసే కంపెనీ సూపర్‌వైజరు అడిగాడు. ఏనాడూ మా గుమ్మం ఎక్కని ఆయన మేనత్త కూతురు చెప్పులు విడవకముందే అడిగింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికినన్నాళ్ళూ ఆయన్ని ముంగి అన్నవాళ్ళే ఇప్పుడు ఎంత నెమ్మదైన మనిషో అంటున్నారు. ఆ నెమ్మదైన మనిషి ఏదో పెద్ద మాట అనే పోయి ఉంటాడని వాళ్ళ నమ్మకం. అది వినేసి ఇంటికి పోదామని కూర్చున్నారు.

వాళ్ళ తప్పేముంది, నేర్పింది మేమే. సినిమాలో గుండెలో గుండు దిగినా మనిషి నాలుగు నిమిషాలు మాట్లాడతాడు. చెల్లెల్ని ఒకడి చేతిలో పెడతాడు, దాచిన రహస్యం చెబుతాడు, నవ్వుతాడు, అప్పుడు చెయ్యి జారుతుంది. చెయ్యి జారాకే నా ఏడుపు మొదలవ్వాలి, ముందొస్తే డైరెక్టరు తిడతాడు. మాట లేకుండా చచ్చేది రౌడీల గుంపులో వాళ్ళే. వాళ్ళ మొహాలు కూడా సరిగ్గా కనపడవు.

ఆయన్ని ఆ గుంపులో కలపలేకపోయాను. "తమ్ముడేడీ అని అడిగాడు" అన్నాను. గుసగుసగా అన్నాను, గొంతు బాలేదు కదా.

అప్పటిదాకా గోడ చూస్తూ కూర్చున్న అత్తయ్య భోరుమంది. మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడు వెల్డరు, వార్త విని పనిలోంచి వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు, చొక్కా నిండా నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు. ఇంట్లో అందరికీ చిన్నోడే, ముప్పై దాటినా.

"నన్నడిగాడా వదినా?" అన్నాడు.

తల ఊపాను.

పై వాటా ఆవిడ మెట్లెక్కుతూ ఎవరితోనో అంటోంది. "సినిమాల్లో అంతంత ఏడుస్తుంది కదా, సొంత మొగుడికి రెండు బొట్లు రాల్లేదు చూశావా." విన్నాను. గొంతు వాచింది గానీ చెవులు కాదు.

మార్చి 11

ఇవాళ అత్తయ్య తింది. నా మాట వల్లే.

మార్చి 19

బండి మెట్ల కింద ఉంది. తాళంచెవి గోడ మేకుకి వేలాడుతోంది. అంటే నేను తీసే ఉంటాను కదా. తీసినదాన్ని వేసే ఉంటాను.

బండి ఇంటికి ఎవరు తెచ్చారో గుర్తు లేదు. అడగలేదు.

ఏప్రిల్ 28

టైర్ల షాపువాడికి బెయిలొచ్చింది. గొడవలో పొరపాటున తగిలిందని వాడి లాయరు వాదించాడట. మూడుసార్లు పొరపాటు.

ఈ పొద్దున షాపు తెరిచాడు. మా వీధి చివర మలుపు తిరిగితే ఆ షట్టరే. ఎత్తిన చప్పుడు వంటగదిలోకి వినిపించింది. నా చెవులు అంతే, ఇన్నేళ్ళూ వాటితోనే తిన్నాం.

వాడి నోట్లో గాలి కొట్టే గొట్టం పెట్టి కళ్ళు బయటికొచ్చేదాకా కొట్టాలి. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ బోల్టు బిగించే మిషన్లో పెట్టి తిప్పాలి. ఆ కడ్డీతోనే వాడి మోకాళ్ళు పగలగొట్టాలి, చావకుండా, మెల్లిగా, వాడి పెళ్ళాం చూస్తుండగా. వాడు అరిచినప్పుడు నేను రికార్డు చేసుకోవాలి. చేసుకుని రోజూ పడుకునే ముందు వినాలి.

చదువుకుని చూశాను. చేతిరాత నాదే.

మే 4

గొంతు కుదిరింది, పనికి వెళ్ళాను. అందరూ లేచి నిలబడ్డారు. సౌండ్ ఇంజనీరు కుర్చీ తుడిచి వేశాడు. పాపం మంచివాడు, నా కళ్ళలోకి మాత్రం చూడడు.

కొత్త సినిమా. హీరో అన్నని చంపేస్తారు. అన్న పెళ్ళానికి మాటల్లేవు, ఒకటే ఏడుపు. డైరెక్టరు కుర్రాడు, మర్యాద ఎక్కువ, బుద్ధి తక్కువ.

"మేడమ్, మీ ఏడుపు ఆగగానే హీరో తలెత్తుతాడు. కళ్ళెర్రగా ఉంటాయి. గోడకున్న గొడ్డలి తీస్తాడు. మీరెంత ఏడిస్తే జనం అంత చంపమంటారు. మీ ఏడుపే మేడమ్ నాకు పెట్రోలు."

"మరి హీరో ఏడవడా?"

"పాటలో ఒక చరణం ఏడుస్తాడు మేడమ్. అంతకంటే ఎక్కువైతే జనం బయటికెళ్ళి టీ తాగొస్తారు."

శవం చల్లారనివ్వరు, హీరోని జీపెక్కిస్తారు. నేనిన్నాళ్ళూ దీనికే డీజిలో పెట్రోలో పోస్తున్నానని తెలియక కాదు. తెలుసు. మొదటిసారి ఎవడో మొహం మీద చెప్పాడు.

మైకు ముందు నిలబడ్డాను. తెర మీద ఆ అమ్మాయి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. నాకు ఆ రోజు వచ్చిందే వచ్చింది. ఆ దగ్గు. ఎండిపోయి, గొంతులో పుల్ల అడ్డుపడ్డట్టు. నేను ఆపలేదు, రానిచ్చాను.

ఇంజనీరు అద్దం వెనకనుంచి చెయ్యెత్తాడు. "మేడమ్, దగ్గు పడింది. మంచినీళ్ళు తాగండి, ఇంకో టేక్ వెళ్దాం."

నీళ్ళు తాగి మామూలు ఏడుపు ఏడ్చాను. పొట్టలోంచి మొదలెట్టి, మధ్యలో విరిచి, పైకి లాగి, చివర ఊపిరి తెంచేది. పదిహేనేళ్ళుగా అమ్ముతున్న సరుకు. ఒక్క టేకులో ఓకే అయింది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు, కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

తర్వాత సీను కూడా చూపించాడు, సరదాగా. హీరో ఒక్కడే ఒక గోడౌన్ నిండా మనుషుల్ని నరికాడు. ఒకడి మెడ సగం తెగి వేలాడింది, ఒకణ్ణి కొక్కేనికి తగిలించాడు, ఒకణ్ణి తలకిందులుగా నూనె పీపాలో ముంచాడు. వాళ్ళలో ఒక్కడికీ పెళ్ళాం లేదు. "వీళ్ళకి ఏడుపులు ఎవరు చెబుతున్నారు?" అనడిగాను. జోకనుకుని అందరూ నవ్వారు.

నాకు ఆ సీను నచ్చింది. అబద్ధం ఎందుకు, ఇంకోసారి వెయ్యమన్నాను.

మే 11

చిన్నోడు పనికి వెళ్ళడం మానేశాడు. టైర్ల షాపు ఎదురుగా టీ బల్ల దగ్గర కూర్చుంటున్నాడు, టీ చల్లారిపోయేదాకా. ఇంటికొచ్చి వంటగది గుమ్మంలో నిలబడతాడు.

"అన్నయ్య ఇంకేమన్నాడు వదినా?"

చిన్నపిల్లలు విన్న కథే మళ్ళీ చెప్పమన్నట్టు అడుగుతాడు. ఒకరోజు, నిన్ను తలుచుకుని నవ్వాడని చెప్పాను. ఇంకోరోజు, అమ్మ జాగ్రత్త అన్నాడని చెప్పాను. మొన్న, "చిన్నోడి చెయ్యి గట్టిది" అన్నాడని చెప్పాను. వాడు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

ధైర్యం కోసమే చెప్పాను. మనసు చిక్కబట్టుకుంటాడని.

అత్తయ్య ఇవాళ పప్పు గిన్నె నా ముందు పెడుతూ, "మొదట్లో ఒక్క మాటే అన్నావు, ఇప్పుడు వాడు పేజీలు పేజీలు చెప్పి పోయినట్టుందే" అంది. కొడుకు పోయినా ఆవిడ నాలిక పదును పోలేదు.

మే 17

చిన్నోడు మళ్ళీ అడిగాడు. చెప్పాను.

మే 18

నేను తప్పేం చెప్పలేదు. అడిగాడు, చెప్పాను. వాడేమీ పసివాడు కాదు.

మే 19

రాయకుండా ఉంటే నిద్ర రాదు.

ఆయన గొంతు నాకొచ్చు. పెళ్ళైన కొత్తలో ఆయన ఫోనెత్తి ఆయనలా మాట్లాడి సూపర్‌వైజరు దగ్గర సెలవు కూడా అడిగాను, ఇచ్చాడు. ఆయన మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. ఆ కాస్త ముక్కులో మాట, మాటకీ మాటకీ మధ్య ఒక చిన్న ఆగడం. అంతే కిటుకు.

మొన్న చిన్నోడు అడిగినప్పుడు వంటగది కిటికీలోంచి షట్టరు చప్పుడొచ్చింది. టైర్ల షాపువాడు మధ్యాహ్నం భోజనానికి మూస్తున్నాడు. ఆకలేస్తుంది వాడికి. నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళు మూసుకుని ఆయన గొంతుతో అన్నాను, తల పగిలి కూర్చున్న మనిషి గొంతుతో, ఊపిరి అందనట్టు.

"చిన్నోడా... వాణ్ణి వదలొద్దురా."

బాగా వచ్చింది. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

పక్కగదిలోంచి అత్తయ్య పరిగెత్తుకొచ్చింది. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మం దగ్గర ఆగి వంటగది అంతా చూసింది. తలుపు వెనక కూడా చూసింది. అప్పుడు నన్ను చూసింది. చూసి, గోడ పట్టుకుని అక్కడే కూలబడింది.

చిన్నోడు వంగి నా కాళ్ళు ముట్టుకుని వెళ్ళిపోయాడు.

"అలా అన్నాడా వాడు? నిజంగా అన్నాడా?" అంది అత్తయ్య.

"అన్నాడు."

"పెదవి దాటితే పృథివి దాటుతుందే అమ్మాయ్. చూసుకో." ఆవిడ అంతకంటే ఏమీ అనలేదు. అంతకంటే ఏమీ అడగలేదు కూడా. ఆవిడకీ కావాలేమో.

ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉందంటే, ఆయన పోయాక మొదటిసారి ఆకలేసింది.

మే 20

చిన్నోడికి చెప్పేయాలి. రేపు.

మే 22

రేపు చెబుతాను. ఇవాళ వాడు సరిగ్గా దొరకలేదు.

(దొరికాడు. నా ఎదురుగానే కూర్చుని తిన్నాడు.)

మే 24

ఇప్పుడే రాయాలి.

పొద్దున్నే పాలు కాస్తున్నాను. షట్టరు ఎత్తిన చప్పుడు వినపడింది, సగంలో ఆగింది. పాలు పొంగాయి. స్టవ్వు తుడుస్తుంటే వంటగది గుమ్మంలో చిన్నోడు. కుడి చెయ్యి మోచేతిదాకా ఎరుపు. చేతిలో సుత్తి, దానికి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. గడ్డం మీద తెల్లగా ఏదో పలుకు అతుక్కుంది, పన్ను ముక్క అని తర్వాత తెలిసింది.

"వదినా, వాడు చావట్లేదు."

నాకు అర్థం కాలేదు. స్టవ్వు ఆర్పాను.

"చావట్లేదు వదినా. ఎంత కొట్టినా చావట్లేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. పారిపోతుంటే వీపు మీద కొట్టా. టైర్లలోకి పాక్కుంటూ పోయి ఒక టైర్లో తల దూర్చేశాడు. బయటికి లాగా. లాగుతుంటే నా చొక్కా పట్టుకుని ఏడుస్తున్నాడు. ఒక్క దెబ్బకి పోవాలి కదా వదినా? ఇప్పుడేం చెయ్యాలి? నువ్వు చెప్పు, ఏం చెయ్యాలి?"

వాడు కక్కుకున్నాడు, గుమ్మంలోనే. మూతి తుడుచుకుని మళ్ళీ అన్నాడు.

"అన్నయ్య వదలొద్దన్నాడని చెప్పానా, వాడు అబద్ధమాడుతున్నాడు. మీ అన్న అలా అనలేదు, నేనక్కడే ఉన్నా, బండి గురించి అడిగాడంతే అంటాడు. పోయినవాడి మీద కూడా అబద్ధమా? అందుకే మూతి మీద కొట్టా. ఆ మాట మీదే కొట్టా."

ఆ రోజు అక్కడ ముగ్గురమే ఉన్నాం. ఆయన మాట విన్నది నేనూ, ఆ టైర్ల షాపువాడూ. ఇన్ని రోజులూ వాడి సంగతి నాకు తట్టనేలేదు.

పరిగెత్తాను. చెప్పుల్లేవు. వీధి మలుపు తిరిగితే సగం ఎత్తిన షట్టరు, దాని కిందనుంచి చీకటి. వంగి లోపలికి దూరాను. టైర్ల మధ్య వాడు వెల్లకిలా పడి ఉన్నాడు. దవడ పక్కకి జరిగిపోయింది, నోరు ఎక్కడుందో తెలియడం లేదు. తల మీద ఒకచోట గుంట పడింది, అందులో రక్తం నిలిచి ఉంది. మోకాళ్ళు రెండూ పగిలాయి. ఒక కాలి మడమ నేలకేసి కొట్టుకుంటోంది, కొట్టుకుంటూనే ఉంది. టైర్ల రబ్బరు వాసనలో రక్తం వాసన కలిసి నా నాలిక మీదికి వచ్చింది. నేను నెల కిందట రాసుకున్నదంతా నా ముందుంది. మోకాళ్ళతో సహా.

వాడి పెళ్ళాం వెనక గదిలోంచి వచ్చినట్టుంది. పక్కన కూర్చుని వాడి చొక్కా బొత్తాలు పెడుతోంది. ఒకటి ఊడితే మళ్ళీ పెడుతోంది. ఆవిడ నోట్లోంచి చప్పుడొస్తోంది. దగ్గులాంటిది. ఎండిపోయి, పుల్ల అడ్డుపడ్డట్టు.

బయట మనుషులు నడిచి వెళ్తున్నారు. ఎవరో దగ్గుతున్నారనుకుని ఉంటారు.

వదిలేయొచ్చు. ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. వెనక్కి తిరిగి షట్టరు దించి వెళ్ళిపోతే మధ్యాహ్నానికి అంతా అయిపోయేది. నిలబడ్డాను, ఎంతసేపో తెలియదు. ఆవిడ నా వైపు తలెత్తింది. నేనెవరో గుర్తుపట్టిందో లేదో తెలియదు. "ఈ బొత్తాం పట్టట్లేదండీ" అంది నాతో.

షట్టరు కిందనుంచి బయటికొచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డాను. నా దగ్గరున్నది ఒక్కటే. పొట్టలోంచి మొదలెట్టి, మధ్యలో విరిచి, పైకి లాగి అరిచాను. ఆ డైరెక్టరు చప్పట్లు కొట్టిన అరుపు, సినిమా అరుపు. వీధిలో ప్రతి కిటికీ తెరుచుకుంది. మందుల షాపువాడు పరిగెత్తుకొచ్చాడు, టీ బల్ల వాడు వచ్చాడు, ఆ రోజు తలదించుకుని పనిలో పడ్డవాళ్ళందరూ వచ్చారు. అంబులెన్సుకి నలుగురు ఫోన్లు చేశారు. నిజం ఏడుపుకి ఒక్కడు రాలేదు, దొంగ ఏడుపుకి వీధి వీధంతా వచ్చింది.

నా తువాలు వాడి తలకి నొక్కి పట్టుకున్నాను. అంబులెన్సు వచ్చేదాకా. నా చేతుల కింద వాడి తల వెచ్చగా ఉంది.

మే 25

పోలీసులు చిన్నోణ్ణి మా వంటగదిలోనే పట్టుకున్నారు. సుత్తి కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి, పక్కన కూర్చుని ఉన్నాడు. జీపెక్కుతుంటే వీధిలో ఎవరో ఈల వేశారు. పై వాటా ఆవిడ, "తమ్ముడంటే వాడే" అంది, గట్టిగా, అందరికీ వినపడేలా.

అత్తయ్య పైకి చూసి, "ఆ ఈల వేసినవాడెవడో వచ్చి మా వాడి బదులు లోపల కూర్చోమను" అంది. తలుపేసేసింది.

మే 27

టైర్ల షాపువాడు బతికాడు. కుడి పక్క పనిచేయదట. మాట రాదట.

మాట రాదు. అంటే ఇక ఆ మాట విని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

ఎవరు చెబితే చేశావని ఎన్నిసార్లడిగినా, ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది అంటున్నాడట చిన్నోడు. నా పేరు ఎత్తలేదు. అన్న పేరు కూడా ఎత్తలేదు.

నేను నోరు మూసుకుంటే చాలు. మాట్లాడొద్దని డాక్టరే చెప్పాడు.

మే 30

అత్తయ్య టీవీ పెట్టింది. ఏదో పాత సినిమా. ఒకావిడ కొడుకు శవం మీద పడి ఏడుస్తోంది. గొంతు నాది. అత్తయ్య కాసేపు విని, టీవీ కట్టేసి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"చెప్పవే. చివరగా వాడేమన్నాడు?"

చెప్పాను. నా మామూలు గొంతుతో చెప్పాను.

"వాడంతే. చిన్నప్పుడు సైకిలు కొనిస్తే రోజూ లేచి లేచి చూసుకునేవాడు, తాళం ఉందా లేదా అని" అంది. నన్ను తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

"ఒక కొడుకు ఆ కడ్డీకి పోయాడు. ఇంకొకణ్ణి నీ నోటికి ఇచ్చాను. నేనూ ఆ మాట కావాలనుకునే ఊరుకున్నాను, అది నా ఖర్మ. వెళ్ళి ఆ పిల్లాడికి నిజం చెప్పు. పోలీసులకి తర్వాత చెబుదువు గానీ, ముందు వాడికి చెప్పు."

జూన్ 3

స్టేషనుకి వెళ్ళాం, అత్తయ్యా నేనూ, ఆటోలో. చిన్నోణ్ణి కోర్టు పోలీసు కస్టడీకి ఇచ్చిందట, ఇంకా అక్కడే ఉంచారు. బండి తీద్దామనుకుని కూడా దాని జోలికి పోలేదు.

వరస తప్పింది. ముందు ఆఫీసరు పిలిచాడు. చెప్పాను. మా ఆయన అనని మాట అన్నాడని చెప్పాను, ఆయన గొంతుతో చెప్పాను, వాడు నమ్మాడు. ఆఫీసరు పెన్ను ఆపి నన్ను చూశాడు.

"మీరు ఏడిస్తే మా ఆవిడ నెల రోజులు చెప్పుకుంటుంది మేడమ్" అన్నాడు. తర్వాత, "గొంతు మార్చి చెప్పారా? ఎలా? ఒకసారి అనండి" అన్నాడు.

అననన్నాను. ఇంక ఆ గొంతు తియ్యనన్నాను. ఆయన రాసుకున్నాడు. సంతకం పెట్టాను. నా మీద కూడా కేసు ఉంటుందన్నాడు. సరే అన్నాను.

చిన్నోణ్ణి చూడనిచ్చారు. కటకటాల అవతల నేల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మమ్మల్ని చూసి లేచాడు. కుడి చెయ్యి తొడకేసి రుద్దుకుంటూనే ఉన్నాడు, ఎంత రుద్దినా పోనిదేదో ఉన్నట్టు. అత్తయ్య కటకటాల్లోంచి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"చిన్నోడా, అన్నయ్య వదలొద్దనలేదు" అన్నాను. "ఆ మాట నాది. తమ్ముడేడీ అని కూడా అడగలేదు. నీ పేరే ఎత్తలేదు. ఆ టైర్ల షాపువాడు నీతో అబద్ధమాడలేదు."

వాడి నోరు కొంచెం తెరుచుకుంది.

"మరేమన్నాడు?"

"బండికి తాళం వేశావా అన్నాడు."

అరుస్తాడనుకున్నాను. కటకటాలు పట్టుకుని తల బాదుకుంటాడనుకున్నాను. ఇన్ని సినిమాలు నా ఒంట్లో ఉన్నాయి, ఇంకేమనుకుంటాను. వాడు తల వంచుకుని ఏదో లెక్క చూసుకుంటున్నవాడిలా చాలాసేపు ఆలోచించాడు.

"నువ్వేమన్నావు వదినా?"

"ఏమీ అనలేదు. వేశానో లేదో నాకే తెలీదు."

"వెయ్యలేదు" అన్నాడు. మెల్లిగానే అన్నాడు, తప్పు పట్టినట్టు కాకుండా. "ఆ సాయంత్రం బండి ఇంటికి తెచ్చింది నేనే. నేను వెళ్ళేసరికి తాళంచెవి దానికే వేలాడుతోంది. అంతమంది జనం ఉన్నారు, ఎవడూ ముట్టుకోలేదు. ఇంటికి తెచ్చి తాళం వేసి, చెవి మేకుకి తగిలించా. అన్నయ్యకి అదొక భయం కదా."

అప్పుడొచ్చింది. ఆ దగ్గే. మొదట ఒకటి, తర్వాత ఆగకుండా. కటకటాలు పట్టుకుని వంగిపోయాను. అత్తయ్య నా వీపు మీద చెయ్యి వేసింది.

బల్ల దగ్గర కూర్చున్న కానిస్టేబులు లేచి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చాడు.

"దుమ్ము పడినట్టుందమ్మా" అన్నాడు.